ప్రయోగశాల పరికరాలు – దిగుమతి పన్నులు

కొరాపుట్ జిల్లా సునాబేడలోని ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం (స్థాపన 2009) వంటి సంస్థలకు విశాఖ రేవు చేరువే. అయినా విదేశీ పరికరం ధరను పెంచేది దూరం కాదు, పన్ను. 1996 నాటి 51వ కస్టమ్స్ నోటిఫికేషను కింద అర్హత గల పరిశోధన సంస్థలకు సుంకం 5 శాతానికి పరిమితమైంది. దానిపై విధించే జి.ఎస్.టి.లోనూ 5 శాతపు రాయితీ రేటుండేది. 2022 జులై 18న ఈ రెండవ రాయితీ తొలగి, అనేక పరికరాలపై 18 శాతమైంది.

10 లక్షల రూపాయల పరికరానికి, సర్‌చార్జి వదలి లెక్కించినా, మొత్తం వ్యయం 11,02,500 నుండి 12,39,000 రూపాయలకు చేరింది. వ్యాపారుల వలె విద్యాసంస్థలు ఈ పన్నును తిరిగి రాబట్టుకోలేవు. ముందే మంజూరైన గ్రాంటు పెరగదు. కొనుగోలు అంచనాలో పన్నును విస్మరిస్తే పరికరమే ఆగిపోతుంది.

రాయగడ జిల్లా పాఠశాలలు పరిశోధన సంస్థలు కావు గనుక ఆ నోటిఫికేషను వాటికి వర్తించదు. వాటికి హర్యానాలోని అంబాలాలో తయారయ్యే సూక్ష్మదర్శినులే అందుబాటు.