ఒకే అడ్రసు, వంద సైట్లు

1990 చివర్లో సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్-లీ తన నెక్స్ట్ కంప్యూటర్ మీద ప్రపంచంలోనే మొదటి వెబ్ సర్వర్ నడిపాడు. ఎవరైనా పొరపాటున ఆపేస్తారేమోనని, ఇది సర్వర్, ఆపొద్దంటూ ఎర్ర సిరాతో రాసి దానికి అంటించాడు. ఆ కంప్యూటర్లో ఉన్నది ఒక్క సైటే. కాబట్టి బ్రౌజర్ 'గెట్' అని, పక్కన పేజీ దారి రాసి పంపితే చాలు. ఏ సైటుదో చెప్పే పని ఉండేది కాదు.

కంపెనీలు వెబ్ మీదికి ఎగబడి, ఒకే సర్వర్ మీద ఎన్నో సైట్లు పెట్టాల్సి వచ్చాక చిక్కొచ్చింది.

బ్రౌజర్ సైటు పేరును డీఎన్‌ఎస్‌కి ఇచ్చి ఐపీ అడ్రసు తెచ్చుకుంటుంది, ఆ అడ్రసుకే వెళ్తుంది. పేరు మాత్రం దారిలోనే ఉండిపోయేది. ఉమ్మడి కుటుంబానికి ఇంటి నంబరు మాత్రమే రాసిన ఉత్తరం వచ్చినట్టే: ఎవరికివ్వాలి? చేసేది లేక ఒకే సర్వర్ మీద ఉన్నా సైటుకో ఐపీ అడ్రసు కేటాయించేవారు. ఐపీవీ4లో ఉన్న అడ్రసులు మొత్తం సుమారు 429 కోట్లే. వాటిని అలా ఖర్చు చేస్తూ పోతే ఎన్నాళ్లు?

పరిష్కారం ఒక్క వరుసలో దొరికింది. అభ్యర్థనలో 'హోస్ట్:' అని రాసి, పక్కన సైటు పేరు చేర్చడమే. 1996లో వచ్చిన వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ అపాచీ 1.1 దాన్ని చదివి సైట్లను వేరుచేయడం నేర్చుకుంది. 1997 జనవరిలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం ఆ వరుసను తప్పనిసరి చేసింది. అది లేని అభ్యర్థనను సర్వర్ 400 ఎర్రర్‌తో తిప్పి పంపాలి.

అపాచీలో ఈ ఏర్పాటు ఇప్పటికీ అంతే సులువు. సైటుకో 'వర్చువల్‌హోస్ట్' బ్లాకు. అందులో 'సర్వర్‌నేమ్' ఎదురుగా పేరు, 'డాక్యుమెంట్‌రూట్' ఎదురుగా ఫైళ్లున్న ఫోల్డరు. ఏ పేరూ సరిపోకపోతే అభ్యర్థన మొదటి బ్లాకుకే పోతుంది. 'సర్వర్‌నేమ్'లో ఒక్క అక్షరం తప్పుపడితే తన సైటు బదులు పక్క సైటు ప్రత్యక్షమయ్యేది అందుకే.

హెచ్‌టీటీపీఎస్ సైట్లకు మాత్రం పాత చిక్కు అలాగే ఉండిపోయింది. సర్వర్ ముందుగా సర్టిఫికెట్ చూపాలి, 'హోస్ట్' వరుస ఆ తర్వాత గానీ రాదు. 2003లో ప్రమాణమైన ఎస్‌ఎన్‌ఐ, తొలి పలకరింపులోనే సైటు పేరు చెప్పే వీలు కల్పించింది. కానీ విండోస్ ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు అది తెలియదు. దాన్ని వాడే జనాన్ని వదులుకోలేని సైట్లు విడి ఐపీ అడ్రసులకు ఇంకా చాలా ఏళ్లు డబ్బు కడుతూనే వచ్చాయి.