పరాయివారికి జర్మన్ జాతీయాలు నేర్పిన చరిత్ర

వెనిస్ నగరంలో రియాల్టో వంతెన పక్కన జర్మన్ వర్తకుల విడిది ఉండేది. దాని పేరు ఫొందాకో దెయి తెదెస్కి. ఆ వర్తకులతో లావాదేవీలు నడపవలసిన ఇటాలియన్ యువకులకు 15వ శతాబ్దం తొలి భాగంలో న్యూరెంబర్గ్ వాడైన గేయోర్గ్ అనే ఉపాధ్యాయుడు జర్మన్ చెప్పేవాడు. 1424 నాటి అతని పాఠాలు రాతప్రతుల్లో నిలిచాయి. వాటిలో పదాల పట్టికలతో పాటు బట్టల బేరం మీద సంభాషణలున్నాయి. పలకరించడం, ధర అడగడం, తగ్గించమనడం వంటివన్నీ అంగట్లో నోట పలికే తీరులోనే, పూర్తి వాక్యాలుగా నేర్పాడు. జర్మన్ బోధనకు ఇంత మంచి ఆరంభం దొరికినా, కాలక్రమంలో తరగతి గదులు ఆ దారిని వదిలేశాయి.

ఆ మీదట వచ్చింది సామెతలు సేకరించేవారి యుగం. 1529లో యొహాన్నెస్ అగ్రికోలా మూడు వందల సామెతలను వివరణలతో అచ్చువేశాడు. 19వ శతాబ్దంలో సిలేసియా బడిపంతులు కార్ల్ వాండర్ జీవితమంతా ఈ పనికే ధారపోశాడు. ప్రజాస్వామ్య భావాల వల్ల 1848 విప్లవం తర్వాత ఉద్యోగం పోయినా పని ఆపలేదు. 1867లో మొదలైన అతని సామెతల నిఘంటువు అయిదో సంపుటం 1880లో, అతను పోయిన మరుసటి ఏడు వెలువడింది. అందులో సుమారు రెండున్నర లక్షల సామెతలున్నాయి. అది మహత్తరమైన కృషి. కానీ భాష కొత్తగా నేర్చుకునేవాడు వీటిలో ముందు ఏవి తెలుసుకోవాలో అది చెప్పదు.

తరగతి గదిలో అప్పటికి వ్యాకరణం, అనువాదాలదే పెత్తనం. 1882లో విల్‌హెల్మ్ ఫీటర్ మారుపేరుతో వేసిన కరపత్రం భాషాబోధన దారి మళ్లాలని గట్టిగా కోరింది. విడి పదాలు వల్లె వేయించడం మాని, నిండు వాక్యాలతో, మాట్లాడే భాషతో మొదలుపెట్టాలన్నది ఫీటర్ వంటి సంస్కర్తల వాదం. అయినా జాతీయాలకు పాఠ్యక్రమంలో తమదైన చోటు దక్కలేదు. 1987లో కూడా పీటర్ క్యూన్ అనే పండితుడు జాతీయాల బోధన కథల్లోని నిద్రపోయే రాకుమారిలా ఉందని రాశాడు. ఆ విమర్శ న్యాయమైనదే.

1992లో ఆయనే మూడు మెట్ల పద్ధతి ప్రతిపాదించాడు: పాఠంలో జాతీయాన్ని గుర్తుపట్టడం, సందర్భాన్ని బట్టి అర్థం తేల్చుకోవడం, ఆ తర్వాతే వాడటం. 1997లో హైన్స్-హెల్ముట్ ల్యూగర్ వాడకానికి ముందు అభ్యాసంతో స్థిరపరచుకునే మెట్టు చేర్చాడు. ఈ వరుస ఎందుకు అవసరమో ఒక్క ఉదాహరణ చాలు. 'ఇన్స్ గ్రాస్ బైసెన్' అంటే మాటకు మాటగా గడ్డి కొరకడం. మట్టి కరవడం తెలిసిన తెలుగు విద్యార్థి దాన్ని ఓటమి అనుకోవచ్చు. జర్మన్‌లో దాని అర్థం చావు, అదీ మోటుగా. అర్థం తెలిసింది కదా అని పరామర్శకు వెళ్లి ఆ మాట అంటే ఇంటివారి మనసు గాయపడుతుంది.

అందుకే విదేశీ విద్యార్థులు ముందు విని, చదివి గ్రహించగలగాలని, సొంతంగా వాడటంలో జాగ్రత్త అవసరమని ష్టెఫాన్ ఎట్టింగర్ వాదించాడు. రెజీనా హెస్కీతో కలిసి ఆయన 1997లో తెచ్చిన అభ్యాస గ్రంథం జాతీయాలను అర్థాల వారీగా అమర్చింది. 2001 నాటి యూరోపియన్ భాషా ప్రమాణం జాతీయాల మీద మంచి పట్టును సి1, సి2 అనే పై స్థాయిల్లో ఉంచింది. పలకరింపుల వంటి స్థిరమైన మాటలు మాత్రం ఏ1 తొలి పాఠాల్లోనే వస్తాయి.