కొండల్లో వేలిముద్ర: రుజువు భారం ఎవరిది?

ఏటీఎం కార్డు మోసం, గుర్తింపు దొంగతనం మన్యానికి నిన్నమొన్న వచ్చిన తెగుళ్లనుకుంటే పొరపాటు. చదువురానివాడి పేరున లెక్క రాసి, అతని పరోక్షంలో వసూలు చేసుకోవడం ఇక్కడ పాత విద్యే. 1879-80 నాటి రంప తిరుగుబాటుకు మన్సబుదారు పీడన, కల్లు పన్నుతో పాటు, మైదానం వ్యాపారులు కోర్టుల్లో తెచ్చుకున్న ఏకపక్ష డిక్రీలూ కారణమే. 1917 ఏజెన్సీ చట్టం వడ్డీకి, భూబదిలీకి హద్దులు పెట్టింది కానీ బినామీలను ఆపలేకపోయింది. 1959 నాటి భూబదిలీ నిబంధనకు 1970లో చేసిన సవరణే అసలు మలుపు. ఏజెన్సీలో గిరిజనేతరుడి స్వాధీనంలోని భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని ముందుగా భావించాలని, కాదంటే స్వాధీనదారుడే నిరూపించుకోవాలని అది చెప్పింది. అమలు ఎంత లోపభూయిష్ఠమైనా, ఆ సూత్రం మాత్రం సరైనది.

భూమికి దక్కిన ఆ రక్షణ డబ్బుకు దక్కడానికి చాలా కాలం పట్టింది. ఇక్కడ పూచీ వేలిముద్రదే. 1858లో బెంగాల్‌లో బ్రిటిష్ అధికారి విలియం హెర్షెల్ ఒక కాంట్రాక్టరు చేతిముద్ర తీసుకున్నది, అతను తర్వాత మాట మార్చకుండా ఉండేందుకు. ఆధార్ చెల్లింపుల్లోనూ వేలిముద్రకు అదే పని: కార్డు, పిన్ అక్కర్లేదు, ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు చాలు. అరకు, పాడేరు కొండల్లో బ్యాంకుకు పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది కాబట్టి ఊళ్లోకి వచ్చే బ్యాంకు ఏజెంటు (బ్యాంకు మిత్ర) యంత్రం మేలే, కాదనను. అయితే పిన్ మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్‌ల వ్యాపారి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోని దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు ముద్రలు చేసి సిమ్‌లు యాక్టివేట్ చేశాడు.

2017 జూలై 6న రిజర్వు బ్యాంకు 1970 నాటి సూత్రాన్నే ఖాతాలకు వర్తింపజేసింది: ఖాతాదారుడిదే బాధ్యత అని నిరూపించవలసింది బ్యాంకు. ఆ ఉత్తర్వు ప్రకారం, తప్పు ఖాతాదారుడిదీ బ్యాంకుదీ కాక బయటివాళ్లదైతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెప్పినవారికి నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లోనైతే ప్రాథమిక పొదుపు ఖాతాకు లావాదేవీకి ₹5,000 మించదు. పిన్ తానే చెప్పినవాడి సంగతేమిటని అడగవచ్చు. ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టం అతనిదేనని ఆ ఉత్తర్వే అంటుంది, అది న్యాయమే. భారం బ్యాంకు మీద పెడితే దొంగ ఫిర్యాదులు పెరుగుతాయన్న వాదన మాత్రం నిలవదు. ఏ యంత్రం, ఏ ఏజెంటు, ఏ సమయం అన్న లెక్క బ్యాంకు దగ్గరే ఉంటుంది; గిరిజనుడి దగ్గర రసీదు కూడా ఉండదు. సిగ్నల్ లేని ఊరికి మెసేజ్ చేరనప్పుడు, గడువు మొదలైందని బ్యాంకు వాదించడం చెల్లకూడదు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు సంతకం, తేదీ అడిగి తీసుకోండి.