యోగర్ట్ మేకర్ వెనక ఓ బల్గేరియా కుర్రాడు

ఈరోజు ఎపిసోడ్ నా ఫెయిల్యూర్‌తో మొదలుపెడతా. మొన్న చలికాలంలో రూమ్‌లో పెరుగు సరిగ్గా తోడుకోవట్లేదని ఓ యోగర్ట్ మేకర్ కొన్నా. పాలు కాచి, ఇంటి పెరుగే తోడు వేసి, రాత్రంతా వదిలేశా. పొద్దున చూస్తే పైన నీళ్లు తేలాయి, నోట్లో పెడితే భయంకరమైన పులుపు. అమ్మకి ఫోన్ చేస్తే నవ్వింది. "గిన్నె బియ్యం డబ్బాలో పెడితే సరిపోయేది కదరా" అంది.

ఇంజినీర్‌ని కదా, ఊరుకోబుద్ధి కాలేదు. ఆ మిషన్ చేసే పని ఒక్కటే. పాలని దాదాపు 42 డిగ్రీల దగ్గర ఉంచడం. మరి 42 ఎందుకు? దానికి సమాధానం మన వంటింట్లో లేదు, బల్గేరియాలో ఉంది.

స్టామెన్ గ్రిగోరోవ్. 1878లో స్టూడెన్ ఇజ్వోర్ అనే చిన్న పల్లెలో పుట్టాడు. జెనీవాలో మెడిసిన్ చదువుతూ, తన ఊళ్లో చేసే పెరుగుని మైక్రోస్కోప్ కింద పెట్టాడు. 1905లో, అంటే దాదాపు నా వయసులో, పాలని పెరుగు చేసే కడ్డీ ఆకారపు బ్యాక్టీరియాని గుర్తించాడు. దానికే బల్గారికస్ అని పేరొచ్చింది. దీనికి తోడుగా థర్మోఫిలస్ అనే ఇంకోటి ఉంటుంది. ఈ రెండూ కలిస్తేనే యోగర్ట్. రెండింటికీ 40 నుంచి 45 డిగ్రీల వేడి కావాలి. మన మిషన్‌లో సెట్టింగ్ వీటి కోసమే అన్నమాట!

ఇక్కడ కథలోకి ఓ పెద్దాయన వచ్చాడు. పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇల్యా మెచ్నికోవ్. ఇమ్యూనిటీ మీద చేసిన పనికి 1908లో నోబెల్ అందుకున్నాడు. పుల్లటి పాలు తాగితే పేగుల్లో చెడు సూక్ష్మజీవులు తగ్గి ఆయుష్షు పెరుగుతుందని ఆయన నమ్మాడు. ఆ మాటతో యూరప్‌లో పెరుగు మందు అయిపోయింది. 1919లో బార్సిలోనాలో ఐజాక్ కరాసో తన కొడుకు డానియల్ ముద్దుపేరుతో డానోన్ పెట్టి, మొదట్లో ఫార్మసీల్లోనే అమ్మించాడు.

ట్విస్ట్ ఏంటంటే, బల్గారికస్ మన పేగుల్లో కాపురం పెట్టలేదని తర్వాత తేలింది. మెచ్నికోవ్ కూడా 1916లో 71 ఏళ్లకే పోయాడు. పెరుగు మంచిదే, కానీ అది అమృతం కాదు. ఈరోజు ప్రోబయోటిక్ అని డబ్బా మీద కనిపించగానే ఎక్కువ డబ్బులు పెట్టేముందు ఈ కథ గుర్తు చేసుకోండి. పేరున్నవాళ్లు చెప్పినా ప్రూఫ్ ప్రూఫే.

మరి నా పెరుగు ఎందుకు చెడింది? మన ఇంటి తోడులో ఉండేది ఆ రెండే కాదు. మామూలు గది వేడికి అలవాటుపడ్డ లాక్టోకాకస్ లాంటివి కూడా ఉంటాయి. వాటికి 30 డిగ్రీలు చాలు. నేను వాటిని వేరేవాళ్ల వేడిలో, అదీ రాత్రంతా కూర్చోబెట్టా. అమ్మ బియ్యం డబ్బా మాత్రం గోరువెచ్చని పాలు గబుక్కున చల్లారకుండా చూస్తుంది, అంతే.

గ్రిగోరోవ్ గొప్పతనం కూడా అక్కడే ఉంది ఫ్రెండ్స్. తన ఊరి పెరుగుని నామోషీ అనుకోకుండా జెనీవా ల్యాబ్‌లో పెట్టాడు. ఇప్పుడు ఆ పల్లెలో పెరుగుకి ఓ మ్యూజియమే ఉంది. మన చేమిరి కథ కూడా మనమే అడిగి తెలుసుకోవాలి. మీ ఇంట్లో తోడు ఎలా పెడతారో అమ్మనో అమ్మమ్మనో అడిగి కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!