నీటిని ఉంచుకొని దోమను ఆపడం

నెల్లూరు జిల్లా పటంలో అనంతసాగరం మండలాన్ని గుర్తించండి. పెన్నానదిపై కట్టిన సోమశిల జలాశయం ఈ మండలంలోనే ఉంది. ఇక్కడి నుంచి ఆత్మకూరు, ఉదయగిరి వైపు వెళితే అంతా మెట్ట ప్రాంతం, చాలా ఊళ్ళకు చెరువే దిక్కు. ఇటువంటి చోట "నిల్వనీటిని తొలగించండి" అన్న సలహా రైతుకు సగమే పనికివస్తుంది. మరి నీటిని ఉంచుకుంటూ అందులోని దోమ లార్వాను తొలగించడం ఎలా? ఈ భాగం చదివేటప్పుడు ఈ ప్రశ్నను మరచిపోకండి.

మలేరియా అంటే ఇటాలియన్ భాషలో చెడుగాలి. ఆ నమ్మకానికి చివరి దెబ్బ తగిలింది మన నేలమీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. దోమే వాహకమైతే, అది పుట్టే నీటిలోనే దాన్ని అంతం చేయవచ్చని ఆయన వాదించాడు. గుంటలు పూడ్చడం, పూడ్చలేని వాటిపై కిరోసిన్ చల్లడం ఆనాటి పద్ధతులు. లార్వా ఊపిరి కోసం నీటిపైకి వస్తుంది; నూనె పొర దానికి గాలి అందనివ్వదు.

లాహోరు సమీపంలోని మియాన్‌మీర్ కంటోన్మెంటులో 1900ల తొలి దశాబ్దంలో ఈ పద్ధతిని పరీక్షించారు. అది కాలువల కింద సాగయ్యే ప్రాంతం. పూడ్చిన కొద్దీ కొత్తచోట నీరు ఊరేది, పక్క పొలాల నుంచి దోమలు వచ్చేవి. 1909 నాటికి ప్రయోగం ఆగిపోయింది. చాలినంత డబ్బు, శ్రమ పెట్టలేదని రాస్ మండిపడ్డాడు. ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు గాని, కాలువనీటి స్వభావాన్ని ఆయన తక్కువగా అంచనా వేశాడనే చెప్పాలి.

అసలు ఏ నీరు ప్రమాదకరం? అలలు, చేపలు ఉండే చెరువు నడిమధ్య లార్వాలు తక్కువ. గట్టు వెంట నాచులో, తూము కింద ఊటగుంటల్లో, పశువుల గిట్టల గుంతల్లో, ఎండిన ఏటి ఇసుకలో మిగిలిన మడుగుల్లో వెతకాలి. పల్లెల్లో మలేరియాను ప్రధానంగా వ్యాపింపజేసే అనాఫిలిస్ క్యులిసిఫేసీస్‌కు ఇటువంటి చోట్లే ఇష్టం. తాగే బావిలో కిరోసిన్ పోయలేం కదా! అందుకే 1928లో మనదేశానికి తెచ్చిన గంబూషియా చేప బావులకు అక్కరకు వచ్చింది. అయితే అది స్థానిక చేపపిల్లలనూ తింటుంది, కనుక చెరువుల్లో, ఏటిలో వదలకూడదు.

తరువాత డి.డి.టి. వచ్చింది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. దృష్టి నీటి నుంచి ఇంటి గోడలకు మళ్ళింది. 1960లలో కేసులు లక్ష దాకా తగ్గాయి. 1976లో మళ్ళీ 64 లక్షలు దాటాయి. దోమలు మందుకు లొంగకపోవడం ఒక కారణం. 1971 పట్టణ మలేరియా పథకం లార్వా నియంత్రణకే పెద్దపీట వేసింది, కాని పేరులోనే ఉన్నట్లు అది పట్టణాలది. పల్లెకు మిగిలింది ప్రధానంగా గోడల మీది మందే.

ఇప్పుడు డెంగీ వల్ల లార్వా మళ్ళీ చర్చకు వచ్చింది. మన వేడిలో గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. శుక్రవారం "డ్రై డే" పాటించమనడానికి లెక్క అదే. అయితే తొట్టిని ఒంపేస్తే సరిపోదు. ఏడిస్ దోమ గుడ్లు లోపలి గోడకు అంటుకొని, తడి లేకున్నా నెలల తరబడి బతుకుతాయి. పీచుతో గట్టిగా రుద్ది కడిగాకే మళ్ళీ నీళ్ళు పట్టాలి.