రాజుగారి సఫర్, రయ్యత్ మయ్యత్

ఫిజీ దీవుల్లో మన తెలుగువాళ్ళు ఎలా చేరారంటే అందరం చెరకు తోట దగ్గరే మొదలుపెడతాం. గిర్మిట్ కాగితం, దళారీ ధోకా, మద్రాసు రేవు, ఓడ. నా లెక్కలో ఆ దాస్తాన్ ఇంకా వెనకాల ఉంది. ఒక ఖాందాన్ పర్‌దేశం చూడబోయి బీమార్ పడిన చోట.

1874 అక్టోబర్ 10న ఫిజీ సర్దారులు తమ దీవుల్ని విక్టోరియా రాణికి రాసిచ్చారు. దస్తఖత్ చేసినవాళ్ళలో అందరికన్నా పెద్దాయన థాకొంబౌ. సల్తనత్ పోయింది, ఇజ్జత్ మిగిలింది. ఆ ఇజ్జత్ కొద్దీ ఇంగ్లీషువాళ్ళు ఆయన్ని సిడ్నీకి మెహమాన్‌గా పిలిచారు. వెంట ఇద్దరు కొడుకులు, కొందరు నౌకర్లు. మేజ్‌బాన్ న్యూ సౌత్ వేల్స్ గవర్నర్ సర్ హెర్క్యులస్ రాబిన్సన్. జమీన్ రాయించుకున్నాక ఖాతిర్‌దారీ చేయడం ఇంగ్లీషువాడికి బాగా తెలుసు. మన నవాబులూ రాజులూ ఆ విందులు ఎన్ని తిన్నారో!

ఆ రోజుల్లో సిడ్నీలో ఖస్రా తిరుగుతోంది. మా ఇళ్ళలో ఖస్రా అంటాం, తెలుగులో తట్టు. సిడ్నీ పిల్లలకు అది వచ్చి పోయే జబ్బు. ఫిజీ మనిషి ఒంటికి దాని జాన్‌పహచానే లేదు. దీవుల చుట్టూ ఉన్న సముద్రం తరతరాలుగా దాన్ని దూరంగా ఉంచింది. థాకొంబౌకి అక్కడే జ్వరం, దద్దుర్లు. ఆయన కోలుకున్నాడు. కానీ తిరుగు ప్రయాణంలో కొడుకు పడ్డాడు.

వాళ్ళను తీసుకొచ్చింది డైడో అనే బ్రిటిష్ యుద్ధనౌక. ఓడలో డాక్టరు ఉన్నాడు, జబ్బేమిటో తెలుసు. అంటురోగం ఉన్న ఓడ రేవుకొస్తే పసుపు జెండా ఎగరేయాలి, ఎవరూ దిగకూడదు, ఎవరూ ఎక్కకూడదు. ఈ కాయిదా సముద్రం మీద తిరిగే ప్రతివాడికీ తెలిసిందే. క్వారంటైన్ అన్న మాటకే నలభై అని అర్థం. మన ఇళ్ళలో బాలింతకు పెట్టే చిల్లా లాంటి నలభై రోజులు. 1875 జనవరి 12న డైడో లెవుకా రేవులో లంగరేసింది. పసుపు జెండా ఎగరలేదు. రాజుగారొచ్చారని జనం పడవలేసుకుని వెళ్ళారు, సలాములు చేశారు, మీద పడి పలకరించారు.

గఫ్లత్ అందామా? నేనైతే అంత మెత్తగా అనలేను. దిగినవాడు రాజు, వచ్చిన ఓడ సర్కారుది. ఆ రెంటినీ ఆపే ధైర్యం రేవులో ఎవరికుంటుంది?

అదే నెలలో నవులోవా అనే ఊళ్ళో సర్దారుల పెద్ద మజ్లిస్ జరిగింది. కొత్త సర్కారు హుకుం ఎలా నడుస్తుందో వినడానికి కొండల్లోంచి కూడా సర్దార్లు దిగొచ్చారు. థాకొంబౌ ఖాందాన్ అక్కడే ఉంది. మజ్లిస్ ముగిశాక ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళారు, ఖస్రా వాళ్ళతోనే వెళ్ళింది.

తర్వాతి నాలుగైదు నెలల్లో సుమారు 40,000 మంది పోయారని తవారీఖ్ చెబుతోంది. మొత్తం జనాభా లక్షన్నర ఉంటుందని అంచనా. నలుగురిలో ఒకరు. జబ్బు ఒక్కటే ఇంతమందిని తీసుకుపోలేదు. మామూలుగా ఇంట్లో ఒకరు పడుకుంటే ఇంకొకరు గంజి కాస్తారు. ఇక్కడ ముసలీ ముతకా, పిల్లా పెద్దా ఒకేసారి పడ్డారు. నీళ్ళిచ్చే చెయ్యి లేదు, తోటలో దుంపలు తవ్వేవాడు లేడు. ఒళ్ళు మంటకు తాళలేక వాగుల్లో, చల్లటి నీళ్ళలో పడుకున్నారు. ఊపిరితిత్తులు పట్టేశాయి, విరేచనాలు పట్టుకున్నాయి. కొన్ని ఊళ్ళలో మయ్యత్ మోయడానికే మనుషుల్లేరు.

జనానికి షక్ పుట్టింది. జమీన్ రాయించుకున్న మూడు నెలలకే ఈ చావులేమిటి? తెల్లవాడు కావాలనే పంపాడనుకున్నారు. కావాలని పంపాడనడానికి సబూత్ లేదు. కానీ ఆ షక్ ఊరికే పుట్టిందని ఎలా అంటాం? కొండల్లో కొందరు కొత్తగా పుచ్చుకున్న క్రైస్తవం వదిలి పాత దేవుళ్ళ దగ్గరికి పోయారు. 1876లో తిరగబడ్డారు. సర్కారు ఆ బగావత్‌ను అణిచేసింది.

ఇక్కడే మన కథ ముడిపడుతుంది. 1875 జూన్‌లో గవర్నర్‌గా వచ్చిన సర్ ఆర్థర్ గోర్డన్, సగం ఖాళీ అయిన ఊళ్ళను చూశాడు. మిగిలిన ఫిజీవాళ్ళను చెరకు తోటల్లోకి తోలితే కౌమ్ మొత్తం ఖతం అవుతుందనుకున్నాడు. మరి తోటలకు చేతులెక్కడివి? ఆయన ట్రినిడాడ్‌లో, మారిషస్‌లో గవర్నరీ చేసినవాడు. అక్కడ హిందుస్తానీ కూలీలతో చెరకు పండించడం చూశాడు. ఒక కౌమ్ మీద రహమ్ చూపి, ఆ బరువును ఇంకో కౌమ్ భుజాల మీద పెట్టాడు.

1879 మే 14న కలకత్తా నుంచి మొదటి కూలీ ఓడ లియోనిడాస్ లెవుకాకు వచ్చింది. లోపల హైజా, మశూచి. ఈసారి రేవు తలుపులు మూసుకున్నాయి. కూలీలను లెవుకా ఎదుట ఉన్న చిన్న దీవిలో దించి ఆగస్టు దాకా అక్కడే ఉంచారు. చేసింది సరైన పనే. దానివల్ల ఫిజీ జనం ఇంకో తబాహీ నుంచి బతికారు. కాయిదా కొత్తది కాదు, డైడో వచ్చిన రోజునా ఉన్నదే.

చివరికి బతికి ఒడ్డెక్కినవాళ్ళు 463 మంది. 1903 నుంచి మద్రాసు ఓడలు కూడా మొదలయ్యాయి. విశాఖపట్నం వైపు తెలుగువాళ్ళు వెళ్ళింది వాటిలోనే. 1916లో ఓడలు ఆగేసరికి 60 వేలకు పైగా హిందుస్తానీలు ఆ దీవులకు చేరారు. థాకొంబౌ 1883లో పోయాడు. ఖస్రాతో కాదు.