మోటబాట వాలు, మోటరు లెక్క

బావి నీటిని పైకి తేవడానికి ఎంత బలం కావాలన్న లెక్క తెలుగు నేలకు కరెంటు మోటరుతో వచ్చింది కాదు. ఊళ్లోనే కట్టుకున్న మోటలో అది ముందునుంచీ ఉంది. కాకపోతే అంకెల్లో కాదు, బాట వాలులో, బొక్కెన కొలతలో, తాడు పొడవులో.

నీళ్లు మోకాటి లోతున దొరికే చోట గూడ సరిపోయేది. ఇద్దరు చెరో వైపు తాళ్లు పట్టి ఊపుతూ మడుగులోంచి పై కాలువలోకి చిమ్మేవారు. ఇంకాస్త లోతుకు ఏతం. దూలం మీద మనిషి ముందుకూ వెనక్కూ నడిస్తే అతని ఒంటి బరువే నీటిని లేపేది. భుజాల బలంతో తోడేవాడు తొందరగా అలిసిపోతాడు, ఏతం తొక్కేవాడు గంటల తరబడి నిలబడగలడు. ఎన్నిసార్లు తోడారో లెక్క తప్పకుండా పాటలోనే లెక్కపెట్టేవారు.

లోతైన బావులకు ఎడ్లు లాగే మోట. తెలంగాణలో ఆ పేరే, రాయలసీమలో కపిల. బావి ఒడ్డున రెండు నిలువు దన్నులు, వాటి మధ్య పైన పెద్ద గిలక, కింద అంచు దగ్గర చిన్న దిండు. గిలక మీదుగా మోకు, దిండు మీదుగా సన్నతాడు. మోకు తోలు బొక్కెనను మోస్తుంది. సన్నతాడు బొక్కెన అడుగున ఉన్న తోలు తొండాన్ని పైకి మడిచి పట్టుకుంటుంది. బొక్కెన ఒడ్డుకు రాగానే తొండం బయటికి చాచుకుని నీళ్లన్నీ తొట్టిలో కుమ్మరిస్తుంది, మనిషి చెయ్యి వేయనక్కరలేదు. వడ్రంగి చేసిన గిలక ఎంత ముఖ్యమో, మాదిగలు కుట్టిన ఆ తొండం అంతకన్నా ముఖ్యం. రెండు తాళ్ల పొడవులో తేడా వస్తే నీళ్లు మధ్యలోనే కారిపోతాయి.

అసలు తెలివి ఎడ్లు నడిచే బాటలో ఉంది. బాట బావి వైపు ఎత్తుగా, అవతలి కొసకు పల్లంగా ఉంటుంది. నీళ్లూ తోలూ తాడూ కలిసి 175 కిలోలు, గిలక రాపిడితో 200 కిలోల లాగు అనుకుందాం. జత ఎడ్ల బరువు 700 కిలోలు. చదును నేల మీద అయితే తమ బరువులో నాలుగో వంతుకు పైగా లాగాలి, ఏ ఎడ్లూ రోజంతా అలా లాగలేవు. ఆరడుగులకు ఒక అడుగు వాలున్న బాటలో వాటి బరువే సుమారు 115 కిలోల లాగు ఇస్తుంది. మిగిలిన 85 కిలోలే కండబలం, అంటే బరువులో ఎనిమిదో వంతు. తోలేవాడు మోకు మీద కూర్చుని తన బరువూ కలిపేవాడు. ఈ వాలును కట్టినవారు కాగితం మీద గీసుకోలేదు, ఎడ్ల రొప్పు చూసి సరిచేసుకున్నారు.

ఇంగ్లండులో జేమ్స్ వాట్ 1780ల్లో ఆవిరి యంత్రం అమ్మడానికి గుర్రాన్ని కొలబద్దగా తీసుకున్నాడు. నిమిషానికి 33,000 అడుగు-పౌండ్ల పని ఒక అశ్వశక్తి (హెచ్‌పీ). మన కొలతల్లో సెకనుకు సుమారు 75 కిలోలను ఒక మీటరు ఎత్తడం. ఆ లెక్కన 150 లీటర్ల నీటిని 10 మీటర్ల లోతునుంచి 20 సెకన్లలో లేపే ఎడ్ల జత ఆ కాసేపూ సరిగ్గా ఒక హెచ్‌పీ. కానీ ఎడ్లు వెనక్కి ఎక్కిరావడానికి మరో 40 సెకన్లు పడితే సగటున మూడో వంతే. అలా గంటకు 9,000 లీటర్లు. ఎకరంలో అంగుళం నీరు నిలవాలంటే లక్ష లీటర్ల పైచిలుకు కావాలి, అంటే పదకొండు గంటలకు పైగా మోట తోలాలి.

మద్రాసు రాజధానిలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ 20వ శతాబ్ది తొలి ఏళ్లలో ఆయిల్ ఇంజన్లతో పంపులు నడిపించే పనిని ముందుకు తెచ్చాడు. నీరు ఎత్తి పారించడం మీద 1912లో పుస్తకమే వేశాడు. కరెంటు ఊళ్లకు చేరాక లెక్క తేలికైంది. సెకనుకు ఎన్ని లీటర్లు కావాలో దాన్ని మీటర్ల ఎత్తుతో గుణించి 75తో భాగించాలి, పంపూ మోటరూ మింగే వాటాకు ఆ వచ్చినదాన్ని రెట్టింపు చేయాలి. సెకనుకు 8 లీటర్లు, 20 మీటర్లు అయితే 2.1, రెట్టింపు చేస్తే 4.3. బజారులో దొరికేది 5 హెచ్‌పీ.

ఒడ్డున పెట్టిన పంపు ఆరేడు మీటర్లకు మించి నీటిని పీల్చలేదు. అందుకే మోటరును బావి గోడకు కట్టిన గద్దె మీదికి దించేవారు. వానాకాలం నీళ్లు పైకొస్తే రాత్రికి రాత్రి తాళ్లు కట్టి పైకి లాగేవారు.

ఆంధ్రప్రదేశ్‌లో 1980ల్లో కరెంటు చార్జీ వాడకాన్ని బట్టి కాక హెచ్‌పీని బట్టి కట్టించారు. 2004లో వ్యవసాయానికి ఉచితం చేశారు. పంపును లోతుకు తగ్గట్టు ఎంచుకోవాల్సిన అవసరం అలా పలచబడింది. బావులు ఎండి బోర్లు దిగాయి. అదే 5 హెచ్‌పీ 150 మీటర్ల లోతునుంచి సెకనుకు లీటరుంబావు తెస్తుంది. గంటకు 4,500 లీటర్లు, పది మీటర్ల బావిలో జత ఎడ్లు తోడినదానిలో సగం.